బళ్ళారి ఎండకు ఓర్చే పెరడు: తక్కువ నీటితో, తక్కువ శ్రమతో పెరిగే మొక్కల ఎంపిక

అనంతపురం, కర్నూలు ప్రాంతాల నుండి ఉద్యోగ వ్యాపారాల నిమిత్తం బళ్ళారికి వచ్చిన తెలుగు కుటుంబాలకు ఇక్కడి ఎండ కొత్తది కాదు. ఇంటి చుట్టూ ఉండే చోటు మాత్రం కొత్తది. ఊరిలో వాకిలి, పెరడు, బావిగట్టు ఉండేవి. బ్రూస్‌పేట వంటి పాత పేటలలో ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. గుమ్మం ప్రక్కన మూడడుగుల జాగా, మెట్ల క్రింద కొంత నీడ, పైన కాలే సిమెంటు మేడ, చాలామందికి తోట అంటే ఇంతే. వానాకాలంలో ముచ్చటపడి కొన్న మొక్కలు ఎండాకాలానికి మాడిపోవడం, మరుసటి ఏడు మళ్ళీ కొనడం ఎన్నో ఇళ్ళలో కనిపించే విషయం. ఇందులో పోయేది డబ్బు ఒక్కటే కాదు. నిలవ చేసుకున్న నీటిని బకెట్లతో మోసి పోసే మనిషి శ్రమ కూడా వృథా అవుతుంది. ఆ మనిషి సాధారణంగా ఇంటి ఇల్లాలో, పెద్దావిడో అయి ఉంటుంది.

ఈ పాఠం ఉద్దేశం ఆ శ్రమను తగ్గించడం. ఏ మొక్కను ఎందుకు ఎంచుకోవాలి, దేనిని వదులుకోవాలి, నర్సరీలో కన్నడ పేరుతో ఎలా అడగాలి అనే విషయాలు ఇందులో క్రమంగా చెప్పబడ్డాయి.

1. ముందుగా తెలుసుకోవలసినవి: ఎండ, నీరు, నేల

బళ్ళారి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ప్రాంతం. ఏటా కురిసే వాన సగటున సుమారు 500 మిల్లీమీటర్లు. జూన్‌లో మృగశిర కార్తెతో జల్లులు మొదలైనా, నేల నిజంగా తడిసేది ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో, అంటే ఉత్తర, హస్త, చిత్త కార్తెలలో. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. ఊరి నడుమ నిలిచిన రాతి గుట్టలు, సిమెంటు గోడలు పగలు వేడిని త్రాగి రాత్రి విడుస్తాయి. కనుక పడమటి గోడను ఆనుకొని ఉన్న కుండీకి సూర్యాస్తమయం తరువాత కూడా సెగ తప్పదు.

నగరానికి త్రాగునీరు ప్రధానంగా తుంగభద్ర కాలువల ద్వారా నిండే జలాశయాల నుండి వస్తుంది. వేసవిలో కాలువలు ఆగినప్పుడు నిలవ నీటితోనే గడుపుకోవాలి. కొళాయి రోజూ రాని ఊరిలో రోజూ నీరు అడిగే తోట నిలువదు. ఒక చిన్న లెక్క చూడండి. మే నెల ఎండలో ఉన్న పన్నెండు అంగుళాల కుండీకి రోజుకు ఒక లీటరు నీరు పడుతుందనుకొందాం. ఇరవై కుండీలకు రోజుకు 20 లీటర్లు, నెలకు 600 లీటర్లు. 15 లీటర్ల బకెట్లతో అయితే నెలకు నలభై బకెట్లు మేడమెట్లు ఎక్కాలి. మొక్క కొనేముందు దాని వెలతో పాటు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

ఇక నేల. ఈ జిల్లాలో నల్లరేగడి విస్తారంగా ఉంది. గుట్టల దాపున ఎర్రని గరుసు నేల కనిపిస్తుంది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. నీటిని చాలాకాలం పట్టి ఉంచుతుంది కాబట్టి వేళ్ళు కుళ్ళే ప్రమాదం ఉంది. ఎర్రనేలలో నీరు త్వరగా ఇంకిపోతుంది. రేగడిలో నాటేవారు మట్టిని చుట్టూ ఉన్న నేలకంటె జానెడు ఎత్తుగా పోసి, అందులో ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపాలి. ఎర్రనేలలో నాటేవారు ఎరువు పాలు పెంచి, మొక్క చుట్టూ పళ్ళెంలాంటి పాదు చేయాలి.

2. "శ్రమ లేని మొక్క" అంటే ఏది? బళ్ళారి జాలి నేర్పే పాఠం

నీరు పోయకపోయినా, ఎవరూ పట్టించుకోకపోయినా పెరిగే చెట్టు కావాలంటే అది మన కళ్ళముందే ఉంది. ఊరి చివర, రైలు పట్టాల వెంట, ఎండిన చెరువులలో దట్టంగా అల్లుకొన్న ముళ్ళ చెట్టు అదే. తెలుగువారు దానిని సర్కారు తుమ్మ అనీ, కంపచెట్టు అనీ అంటారు. కన్నడిగులు ఈ ఊరి పేరుతోనే "బళ్ళారి జాలి" అంటారు. పేరు బళ్ళారిదైనా చెట్టు ఇక్కడిది కాదు, దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 1877 ప్రాంతంలో వంటచెరకు కొరత తీర్చడానికీ, బంజరు నేలలలో పచ్చదనం పెంచడానికీ మన దేశానికి తెచ్చారు. దక్షిణాదిన దానిని మొదట నాటిన చోట్లలో కడప జిల్లాలోని కమలాపురం ఒకటి.

ఆ చెట్టు చేసిన మేలును కాదనకూడదు. ఎన్నో పేద ఇళ్ళలో పొయ్యి వెలిగింది దాని కట్టెలతోనే, బొగ్గు బట్టీలు నడిచింది కూడా దానితోనే. అయితే దాని తీపి కాయలను మేకలు, పశువులు తిని, గింజలను ఎక్కడెక్కడికో చేరవేశాయి. దాని వేళ్ళు లోతుకు దిగి నీటిని తీసుకుంటాయి. దాని క్రింద ఇతర మొక్కలు సరిగా మొలవవు. నరికితే మొదలు నుండి మళ్ళీ చిగురిస్తుంది. ఒకసారి అల్లుకొన్న పొలాన్ని తిరిగి సాగులోకి తేవడం రైతుకు ఎంత భారమో రాయలసీమ నుండి వచ్చినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇటీవలి ఉదాహరణ కోనోకార్పస్. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, వేగంగా పెరుగుతుంది, మేకలు ముట్టవు అన్న కారణాలతో అనేక నగరాలలో రోడ్ల నడుమ దానిని నాటారు. దాని వేళ్ళు భూమిలోని గొట్టాలకు హాని చేస్తాయనీ, పుప్పొడి కొందరికి పడదనీ ఆక్షేపణలు వచ్చిన మీదట గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడాన్ని నిషేధించింది.

ఈ రెండు ఉదాహరణల నుండి గ్రహించవలసిన సూత్రం ఒకటే. తక్కువ శ్రమ కోరడం ఒక గుణం, హద్దులో ఉండడం మరొక గుణం. ఇంటి తోటకు రెండూ ఉన్న మొక్క కావాలి. మనకు పని తగ్గించి పొరుగువారి గోడకో, వీధి కాలువకో, ఊరి చెరువుకో పని పెంచే మొక్కను సులభమైనదని అనలేము.

3. కొనేముందు వేసుకోవలసిన ఐదు ప్రశ్నలు

మొదటిది: ఈ చోట ఎన్ని గంటల ఎండ పడుతుంది? ఉదయపు ఎండ వేరు, పడమటి ఎండ వేరు. ఒక సెలవు రోజున రెండు గంటలకొకసారి చూసి వ్రాసుకొంటే సరిపోతుంది.

రెండవది: పెళ్ళికో, పండుగకో మేము పది రోజులు ఊరికి వెళితే ఈ మొక్క బ్రతుకుతుందా? సొంత ఊరికి తరచుగా వెళ్ళివచ్చే కుటుంబాలకు ఇదే ముఖ్యమైన పరీక్ష.

మూడవది: పూర్తిగా పెరిగినప్పుడు దీని ఎత్తు, వెడల్పు ఎంత? నర్సరీలోని అడుగు మొక్క పదేళ్ళకు ఇంటిని మించవచ్చు. కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం, 1976 ప్రకారం చాలా జాతుల చెట్లను నరకడానికి వృక్షాధికారి అనుమతి తీసుకోవాలి. సొంత స్థలంలోని చెట్టుకైనా ఇది వర్తిస్తుంది. కాబట్టి ఆలోచన నాటేటప్పుడే జరగాలి.

నాలుగవది: ఇంట్లో చిన్నపిల్లలు గాని, వీధిలో తిరిగే ఆవులు మేకలు గాని దీనిని నోట పెట్టుకొంటే ఏమవుతుంది?

ఐదవది: దీనివల్ల మాకు ఏమి ఉపయోగం? పూజకు పువ్వు, కూరకు ఆకు, గుమ్మానికి నీడ, కంటికి ఇంపు. వీటిలో ఒక్కటైనా లేని మొక్కకు మోసిన నీరు దండగ.

4. చోటును బట్టి ఎంపిక

నర్సరీలో చాలామంది తెలుగు అర్థం చేసుకొన్నా, మొక్క పేరు కన్నడంలో తెలిసి ఉంటే పొరపాటు జరగదు. అందుచేత చాలా మొక్కలకు కన్నడ పేరు కూడా ఇవ్వబడింది. ప్రభుత్వ ఉద్యానశాఖ నర్సరీ కోసం వెదికేవారు బోర్డుపై "తోటగారికె ఇలాఖె" అన్న మాటను గుర్తించాలి.

పూర్తి ఎండ పడే గుమ్మం, ప్రహరీ వద్ద: దేవగన్నేరు (కన్నడంలో దేవకణగిలె) ఎండకు పెట్టింది పేరు. తన కొమ్మలలోనే నీటిని దాచుకొంటుంది, చలికాలంలో ఆకు రాల్చి విశ్రమిస్తుంది. ఆకు రాలినప్పుడు చచ్చిందని తీసివేయకూడదు. మూరెడు కొమ్మను కోసి, పాలు ఆరేవరకు వారం రోజులు నీడన ఉంచి నాటితే చాలు. కాగితపు పువ్వు, అంటే బోగన్‌విలియా (కాగదద హూవు), వేరు నిలిచిన తరువాత నీరు తగ్గించిన కొద్దీ ఎక్కువగా పూస్తుంది. ముళ్ళు ఉంటాయి కాబట్టి నడిచే దారికి దూరంగా ఉంచాలి. వానలు తగ్గిన తరువాత ఒకసారి కొమ్మలు కత్తిరించాలి. నందివర్ధనం (నందిబట్టలు) కొంచెం ఎక్కువ నీరు అడిగినా, పూజకు తెల్లని పువ్వులను చాలాకాలం ఇస్తుంది.

తంగేడు (తంగడి, ఆవరికె) ప్రత్యేకంగా చెప్పుకోదగినది. మన గట్ల మీద, గుట్టల మీద తనంతట తాను పెరిగే పొద ఇది. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో ముఖ్యమైన పువ్వు. మేకలు దీని జోలికి సాధారణంగా పోవు. పెరిగిన మొక్కను పెరికి తెస్తే తల్లివేరు తెగి చనిపోతుంది. గింజలను రాత్రంతా నీటిలో నానబెట్టి, ఉండవలసిన చోటనే విత్తాలి.

మేడమీద కుండీలలో: కలబంద (లోళెసర), ఎడారి గులాబీ అనబడే అడీనియం, నాచుపూలు, బిళ్ళగన్నేరు (నిత్యపుష్ప) మేడ వేడిని తట్టుకొంటాయి. మొదటి రెండింటికి నీరు ఎక్కువైతేనే ప్రమాదం, మట్టి పూర్తిగా ఆరిన తరువాతే పోయాలి. నాచుపూలకు తీగ తుంచి గుచ్చితే వేరు పడుతుంది. బిళ్ళగన్నేరు గింజ రాల్చి తానే మళ్ళీ మొలుస్తుంది కాబట్టి ప్రతి ఏటా కొననక్కరలేదు. మడగాస్కర్‌లో పుట్టిన ఈ చిన్న మొక్క నుండి క్యాన్సర్ చికిత్సలో వాడే మందులు తీస్తారు. అయితే దాని ఆకులను ఇంట్లో మందుగా నమలడం ప్రమాదకరం.

నాలుగైదు అడుగుల పెరడు ఉంటే: కరివేపాకు (కరిబేవు) మొదటి ఏడు నెమ్మదిగా పెరిగి తరువాత ఇంటికి తరుగులేకుండా ఇస్తుంది. సీతాఫలం (సీతాఫల) మెట్ట నేలకు అలవాటుపడిన చెట్టు. దాని ఆకును మేకలు కూడా వదిలివేస్తాయి. దానిమ్మ (దాళింబె) పొదగా పెరుగుతుంది, కాయలకు పురుగు పట్టకుండా కనిపెట్టి ఉండాలి. మునగ (నుగ్గె) కొమ్మ గుచ్చితే పెరుగుతుంది, కాని కొమ్మలు పెళుసు, వానాకాలంలో గొంగళి పురుగులు పట్టవచ్చు. ఏటా మొండిగా నరికి పొట్టిగా ఉంచగలిగినవారే దానిని పెంచాలి.

వీధి వైపు నీడకు: వేప (బేవు), కానుగ (హొంగె), పొగడ (బకుళ) ఈ ఎండకు తగినవి. గోడకు కనీసం పదిహేను అడుగుల ఎడం లేని చోట వీటిని నాటవద్దు. పైన విద్యుత్ తీగలు ఉంటే అసలే వద్దు. అటువంటి చోటికి దేవగన్నేరు, నందివర్ధనం సరిపోతాయి.

5. జాగ్రత్త వహించవలసిన మొక్కలు

గన్నేరు (కణగిలె) ఎండకు, దుమ్ముకు, ఉప్పునీటికి కూడా ఓర్చే మొక్క. హైవేల నడుమ దానిని నాటేది అందుకే. అయితే దాని ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. పచ్చగన్నేరు కాయలోని గింజ మరీ ప్రమాదకరం. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట, పశువులు నోరు పెట్టే వీధిలో ఈ రెండింటినీ పెంచకపోవడమే మంచిది. కత్తిరించిన కొమ్మలను గేటు బయట పడవేయకూడదు, పశువు తింటే ప్రాణానికే ముప్పు. ఎవరైనా పొరపాటున తింటే ఇంటి వైద్యం చేయక, తిన్న మొక్క కొమ్మను వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఎడారి గులాబీ, దేవగన్నేరు మొక్కల పాలు కూడా కంటికి, నోటికి తగలనీయరాదు.

6. వదులుకోవడం కూడా ఎంపికే

గులాబీ, పచ్చికబయలు, పెద్ద ఆకుల అలంకార మొక్కలు ఈ వాతావరణంలో రోజూ సేవ కోరుతాయి. మందారానికి (దాసవాళ) వేసవిలో పిండినల్లి పడుతుంది. మల్లెపై మక్కువ లేని తెలుగు ఇల్లు ఉండదు. హూవిన హడగలి మల్లె భౌగోళిక గుర్తింపు పొందినంతటి పేరున్నది. కాని ఆ తోటలకు నీటి వసతి ఉంది, మేడమీది కుండీకి అది లేదు. కనుక ఈ పాఠం చెప్పే నియమం: మనసు పడిన కష్టమైన మొక్క ఒక్కటే ఉంచుకోండి, దానిని నీటి తొట్టికి దగ్గరగా, ఉదయపు ఎండ పడే చోట పెట్టండి. మిగిలినవన్నీ ఓర్పుగలవి ఉంటే ఆ ఒక్కదానికి చేసే సేవ భారమనిపించదు. తులసిని కూడా ఈ లెక్కలోనే చేర్చుకోవాలి. భక్తితో రోజూ నీరు పోసే ఇంట అది నిలుస్తుంది.

7. నాటడం, మొదటి వేసవి

ఎంత ఓర్పుగల మొక్క అయినా మొదటి వేసవిలో పసిబిడ్డతో సమానం. "నీరు అక్కరలేదు" అని విని నాటి వదిలివేయడమే ఎక్కువ మొక్కలు చనిపోవడానికి కారణం. తక్కువ శ్రమ అన్న మాట రెండవ ఏటి నుండి నిజమవుతుంది. జూన్ చివర నుండి సెప్టెంబరు లోపల నాటితే, హస్త చిత్త వానలకు వేరు దిగి, రోహిణీ కార్తె నాటికి మొక్క బలపడుతుంది. ఫిబ్రవరి తరువాత నాటవద్దు.

నేలలో నాటిన మొక్కకు మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు, ప్రతిసారీ నేల లోతుగా తడిసేలా నీరు పోయాలి. రోజూ చెంబెడు పోస్తే వేళ్ళు పైపైనే ఉండిపోయి, ఒక్కరోజు తప్పినా మొక్క వాడుతుంది. రెండవ వేసవిలో పది పదిహేను రోజులకొకసారి చాలును. మొక్క ప్రక్కన చిన్న మట్టికుండను మూతి వరకు పాతి, నీరు నింపి, మూత పెడితే నీరు కుండ గోడ గుండా మెల్లగా వేళ్ళకు చేరుతుంది. పది రోజులు ఊరికి వెళ్ళేవారికి ఇది అక్కరకు వస్తుంది.

పాదులో మట్టి కనిపించకుండా ఎండుటాకులు, వేరుశనగ పొట్టు రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది. వేరుశనగ పొట్టు మన ప్రాంతంలో సులభంగా దొరుకుతుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు మొక్కలకు మంచిది. బట్టలు ఉతికిన సబ్బునీరు రేగడి నేలను మరింత చౌడు చేస్తుంది కాబట్టి పోయవద్దు.

8. వారానికి ఒక గంట

పైన చెప్పిన విధంగా ఎంచుకొన్న చిన్న తోటకు, మొదటి వేసవి గడిచిన తరువాత, వారానికి ఒక గంట పని సరిపోతుంది. ఎండుటాకులు తీసి పాదులోనే వేయడం, వయ్యారిభామ వంటి కలుపును పూతకు రాకముందే పెరికివేయడం, కుండీ క్రింది పళ్ళెంలోని నీటిని పారబోయడం ముఖ్యమైన పనులు. డెంగ్యూ దోమ శుభ్రమైన నిలవ నీటిలోనే గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికొకసారి పళ్ళెం ఆరబెట్టడం ఇంటికీ వీధికీ రక్ష.

అద్దె ఇళ్ళలో ఉన్నవారు నేలలో నాటేముందు యజమానిని అడగాలి. గోడ వెంట వేళ్ళు దిగే మొక్కకంటె, ఎత్తి తీసుకుపోగల కుండీ మేలు. మేడమీద కుండీలను ఇటుకలపై ఎత్తి ఉంచితే కప్పు చెమ్మగిల్లదు. నల్లని ప్లాస్టిక్ కుండీ వేడెక్కుతుంది కాబట్టి దానికి సున్నం పూయడమో, పాత గోనెసంచి చుట్టడమో చేయాలి.

9. అభ్యాసం

ఈ క్రింది ప్రశ్నలకు ఇంటిల్లిపాదీ కూర్చొని సమాధానాలు వ్రాసుకోండి.

అ) మీ ఇంట ఇప్పుడున్న మొక్కలకు మే నెలలో ఎన్ని బకెట్ల నీరు పడుతుంది? ఆ నీరు మోసేది ఎవరు?

ఆ) పడమటి ముఖంగా నాలుగడుగుల జాగా, రెండేళ్ళ బిడ్డ, నాలుగు రోజులకొకసారి వచ్చే కొళాయి ఉన్న ఇంటికి ఈ పాఠంలోని ఏ రెండు మొక్కలను సూచిస్తారు? గన్నేరును ఎందుకు సూచించరు?

ఇ) మీ వీధిలో ఎవరి శ్రమా లేకుండా పెరుగుతున్న మొక్క ఏది? అది హద్దులో ఉందా?

మొదటి ప్రశ్నకు సమాధానం వ్రాసిన తరువాతనే నర్సరీకి వెళ్ళండి. ఈ ఏడు మూడు మొక్కలతో మొదలుపెట్టి, వచ్చే రోహిణీ కార్తెను అవి దాటిన తరువాత నాలుగవదానిని కొనండి.